అక్కని క్షమించాలంటే ఇంటి లెక్క అడగకూడదా?

రాజోలు సోదరి

అందరికీ ప్రభువు పేరిట వందనాలండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన కొబ్బరి దింపు పనికి వెళ్లేవారు. చెట్టు మీద నుంచి పడి ఆయన చనిపోయేటప్పటికి మా పాప రెండో తరగతి. మా అమ్మ అప్పటికే లేదు. అక్కా బావగారూ మమ్మల్ని వాళ్లింటికి తీసుకుపోయారు. ఏడాది తిరక్కుండానే మా వీధి ఆడవాళ్లతో పాటు నేనూ కువైట్ వెళ్లాను, ఇంటి పనికి. పాప అక్క దగ్గరే పెరిగింది.

ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా అక్క చెడ్డది అనుకుని మీరు జవాబు రాస్తే అది నాకు పనికిరాదు. నా కూతురికి జ్వరమొస్తే తెల్లవార్లూ పక్కన కూర్చున్నది ఆవిడే. జడలు వేసి, క్యారేజీ కట్టి బడికి పంపింది ఆవిడే. నా కూతురికి ఇప్పటికీ నాకన్నా పెద్దమ్మ దగ్గరే చనువు.

జీతం చేతికి రాగానే ఎక్స్ఛేంజ్‌కి వెళ్లి అక్క ఖాతాకి పంపేదాన్ని. పాప ఫీజులూ ఖర్చులూ పోను మిగిలింది స్థలానికీ ఇంటికీ అని మాట. కాలవ గట్టు పక్కన ఐదు సెంట్లు కొన్నామని ఫోన్‌లో చెప్పిన రోజు, ఆ అరబ్బుల వంటింట్లో నేల తుడుస్తూ సంతోషంతో ఏడ్చానండి. పునాది ఫొటో, పిల్లర్ల ఫొటో, స్లాబు వేసిన రోజు కూలీలకి భోజనాలు పెడుతున్న ఫొటో, అన్నీ ఐమో యాప్‌లో పంపేది. ద్వారబంధం నిలబెట్టిన రోజు సంఘ పెద్దలు వచ్చి ప్రార్థన చేస్తుంటే వీడియో కాల్‌లో నేనూ తలవంచుకుని ఉన్నాను. వంటగది కిటికీ ఎటువైపు పెట్టాలో కూడా నన్ను అడిగే పెట్టించింది.

తిరిగొచ్చాక, పాప పై చదువు లోను కోసం ఇంటి కాగితాలు అడిగితే అప్పుడు బయటపడింది. స్థలం బావగారి పేరున రిజిస్టరై ఉంది. దాన్ని తనఖా పెట్టి ఆయన రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నారు. వైట్‌స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చి ఒక పంట పోయింది, దాని వెనకాలే ఇంకో పంట. ఇప్పుడు ఇల్లు అప్పులో ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించి చూస్తే, దస్తావేజు మీద సాక్షి సంతకం మా అక్కది. బావగారి ఒక్కరి పనే అయితే నేను ఇంతగా కుమిలిపోయేదాన్ని కాదు. అక్కకి సంతకం పెట్టడం నేర్పింది నేను. నేను బడికెళ్లి తను పనికెళ్లే రోజుల్లో, సాయంత్రం దీపం దగ్గర కూర్చోబెట్టి పలక మీద దిద్దించాను. ఆ వంకర అక్షరాలే ఆ కాగితం మీద ఉన్నాయి.

మాది బ్రదరన్ సంఘం. ప్రతి ఆదివారం యేసు ప్రభువు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె విరుస్తాం, దాన్నే బల్ల అంటాం. ఒక ఆదివారం అక్క లేచి ఏడుస్తూ "దేవుడు నన్ను క్షమించాడు, నా చెల్లి కూడా క్షమించాలి, ప్రార్థన చేయండి" అని సాక్ష్యం చెప్పింది. అందులో ఇల్లు అన్న మాట లేదు, తనఖా అన్న మాట లేదు, సంతకం అన్న మాట లేదు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ రోజు నుంచి తప్పు నా మీదికి తిరిగింది. నాలో చేదైన వేరు ఉందట, అంటే మనసులో పగ పెంచుకుంటున్నానట. అక్క చెయ్యి పట్టుకుని సమాధానపడేదాకా రొట్టె తీసుకోవద్దన్నారు. కేసు వేస్తానేమోనని, విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకి వెళ్లొద్దని పౌలు రాసిన మొదటి కొరింథీ ఆరో అధ్యాయం చదివి వినిపించారు. రాజీ కాగితం ఒకటి రాసి ఉంచారు. ఇల్లు సంగతి ఇకపై ఎత్తను అని దాని మీద నేను సంతకం పెట్టాలట.

అక్క నాశనమైపోవాలని నాకు లేదండి, దేవుడి సాక్షిగా లేదు. కానీ పాట పాడుతుంటే వెనక వరసలో నుంచి ఆవిడ గొంతు వినపడగానే నా గొంతు పూడుకుపోతుంది. పరలోక ప్రార్థనలో, మేము క్షమించిన ప్రకారం మమ్మల్ని క్షమించు అనే చోట నోరు ఆగిపోతుంది. నేను తెలుసుకోవాల్సింది ఇదీ. క్షమించానంటే ఇక లెక్క అడగకూడదా? అడిగితే క్షమించనట్టేనా? వాక్యం తెలిసినవాళ్లు, ఇలాంటిది పడినవాళ్లు చెప్పండి. ఊరికే ఓదార్చకండి.

పాలకొల్లు సేవకుడు

సిస్టర్, మీ కోసం ఇప్పుడే మోకాళ్ల మీద ప్రార్థించి రాస్తున్నాను. యోసేపును సొంత అన్నలే ఇరవై తులముల వెండికి అమ్మేశారు. అయినా ఆయన "మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకి తిప్పాడు" అన్నాడు, ఆదికాండము 50:20. దేవుడు మీకు ఇంతకన్నా మంచి ఇల్లు ఇవ్వగలడు. అక్కని దగ్గరికి తీసుకోండి. మనసు తేలికవుతుంది.

రాజోలు సోదరి

అయ్యగారూ, మీ ప్రార్థనకి వందనాలు. మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ మాట అన్నది యోసేపు కదండి. అన్నలు యోసేపుతో అనలేదు కదా, "నువ్వేం బాధపడకు, దేవుడు మేలుకే చేశాడు" అని? మా సంఘంలో ఈ వచనం నాకు చెప్పేది అక్క తరఫువాళ్లు. ఇంకోటి కూడా చూశాను. యోసేపు తండ్రి యాకోబు ఐగుప్తులో పదిహేడేళ్లు బతికాడని 47వ అధ్యాయంలో ఉంది. ఆయన చనిపోయాక కదా యోసేపు ఆ మాట అంటాడు. అంటే అన్నలు మొదట కలుసుకున్న పదిహేడేళ్ల తర్వాత. నాకు ఆ కాగితం సంగతి తెలిసి ఇంకా ఒక క్రిస్మస్ కూడా దాటలేదు.

మస్కట్ నుంచి

అక్కా, నాది సఖినేటిపల్లి. రేవు దాటడానికి పంటు కోసం నిలబడ్డప్పుడు మనం ఎప్పుడైనా ఎదురుపడే ఉంటాం. ఇక్కడ నా గదిలో నలుగురం ఉన్నాం, మీరు రాసింది చదివి వినిపిస్తే ఎవరూ మాట్లాడలేదు. నేనూ ఇప్పుడు మా తమ్ముడి ఖాతాకే పంపుతున్నాను. వాడు మంచోడే. అయినా ఇక ఎలా పంపాలో ఎవరైనా చెప్పండి. మీరు పంపిన స్లిప్పులు మాత్రం పారేయకండి అక్కా.

విశ్రాంత దస్తావేజు లేఖరి, అమలాపురం

రాజోలు సోదరికి వందనాలమ్మా. నేను చాలా ఏళ్లు రిజిస్ట్రార్ ఆఫీసు బయట బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాణ్ణి. లూథరన్ సంఘస్థుణ్ణి. మీ పెద్దలు చదివి వినిపించిన అధ్యాయం గురించీ, కాగితాల గురించీ నాకు తెలిసినంత చెప్తాను.

మొదటి కొరింథీ ఆరులో పౌలు "దానికంటె అన్యాయం సహించడం మేలు కాదా" అని అడుగుతాడు, నిజమే. కానీ దానికి రెండు వచనాల ముందు ఇంకో ప్రశ్న ఉంది. సహోదరుల మధ్య తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని. ఆ ప్రశ్న ఎవరికి? సంఘానికి. కోర్టుకి వెళ్లొద్దని చెప్పే పెద్దలు ముందు తామే కూర్చుని తగవు విచారించాలి. స్థలం ఎవరి డబ్బుతో కొన్నారు, ఎవరి పేరున రాయించారు, తనఖా డబ్బు ఎటు పోయింది అని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగాలి. ఆ పని చేయకుండా మొదటి ప్రశ్న ఒక్కటే పట్టుకుని నష్టపోయిన మనిషి మీదికి వెళ్లడం పౌలు చెప్పిన పద్ధతి కాదు. ఆ వెంటనే ఎనిమిదో వచనం కూడా చదివారో లేదో అడగండి. మీరే అన్యాయం చేస్తున్నారు, అపహరిస్తున్నారు, అదీ మీ సహోదరులకే అని అక్కడ ఉంది. అది మీ బావగారి కుర్చీ వైపు చూసి చదవాల్సిన వచనం.

ఇక కాగితాలు. ఆ రాజీ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టొద్దమ్మా. ఇల్లు సంగతి ఎత్తను అని రాసిచ్చాక, రేపు మీరు లెక్క అడగాలనుకున్నా ఆ కాగితమే మీకు అడ్డుగా చూపిస్తారు.

మీ డబ్బుతో వేరొకరి పేరున కొన్న స్థలం నాదే అని దావా వేయడానికి 1988 నాటి బినామీ చట్టం అడ్డొస్తుంది. మినహాయింపులున్నాయి గానీ, మీది వాటి కిందికి వస్తుందో రాదో వకీలు కాగితాలు చూసి చెప్పాలి. డబ్బు బాకీగా అడగడం వేరే దారి. దానికి మామూలుగా మూడేళ్ల గడువు. ఆ గడువు దాటకముందే బాకీ ఉన్నట్టు వాళ్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. కాబట్టి పెద్దలు ఏదైనా కాగితం రాయిస్తే అది మీ చేత కాదు, వాళ్ల చేత రాయించాలి. ఇంత సొమ్ము వచ్చింది, ఇది ఆమెది అని. అప్పుడు ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మీరు ఓపిక పట్టొచ్చు. ఆలోపు ఇంకోసారి రాయించుకుంటే ఇంకా పట్టొచ్చు.

కేసు అనగానే టెన్షన్ పడకండి. లోక్ అదాలత్ ఉంది. కేసు వేయకముందే అక్కడికి వెళ్లొచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటేనే తీర్పు. ఆ తీర్పుకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని రాసుకోవడమే అక్కడ జరిగేది. మీ సంఘ పెద్దల్లో ఒకరిని వెంట రమ్మనండి.

మస్కట్ చెల్లెమ్మా, నీ పేరునే ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండే మనవాళ్ల) ఖాతా తెరిచి దానికి పంపుకో. ఇంటి ఖర్చుకి ఎంత కావాలో అంతే తమ్ముడికి వెయ్యి. స్థలం కొనాల్సి వస్తే నువ్వు ఇక్కడ లేకపోయినా నీ పేరున కొనొచ్చు. ఎంబసీలో సంతకం పెట్టి పవర్ ఆఫ్ అటార్నీ పంపించొచ్చు. తమ్ముడి మీద అనుమానంతో చేసే పని కాదు ఇది. అతని మీద ఆ బరువు పెట్టకుండా ఉండటం.

నరసాపురం అమ్మమ్మ

(నేను చెప్తుంటే మనవరాలు టైపు చేస్తోంది.)

రాజోలు తల్లీ, దస్తావేజు బాబుగారు కాగితాల సంగతి బాగా చెప్పారు. నేను బల్ల సంగతి, గుండె సంగతి చెప్తాను. మాదీ బ్రదరన్ సంఘమే. 1836లో బౌడెన్ దొర, బీర్ దొర ఇంగ్లండు నుంచి ఇటు వచ్చారు, ఆ మిషన్ నుంచి వచ్చినవాళ్లం. మనకి బిషప్పులు లేరు, పెద్దలే. ప్రతి ఆదివారం బల్ల. అందుకే ఇలాంటి గాయం మన దగ్గర ఏడు రోజులకోసారి రేగుతుంది. వేరే సంఘాలవాళ్లకి ఇది అంత త్వరగా అర్థం కాదు.

మా చిన్నప్పటి నుంచి నాకు లేసు అల్లకమే బతుకు. నాతో పాటు ఒకే రోజు వశిష్ఠ గోదావరిలో బాప్తిస్మం తీసుకున్న స్నేహితురాలు ఒకామె ఉండేది. మా డ్వాక్రా గ్రూపుకి ఆవిడే లీడరు. మేం నెలనెలా ఇచ్చే బ్యాంకు వాయిదా ఆవిడ చేతికే ఇచ్చేవాళ్లం. ఒక రోజు బ్యాంకు వాళ్లు వచ్చి, చాలా నెలలుగా ఏమీ కట్టలేదన్నారు. ఆవిడ అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయింది. గ్రూపు అప్పంటే అందరి అప్పు కదా. రాత్రిళ్లు లైటు కింద లేసు అల్లి, కట్టిన డబ్బే మళ్లీ కట్టాం. నా చూపు అప్పుడే తగ్గింది.

అప్పుడు నాకు మత్తయి 18 పట్టుకుంది. రాజు ఒక దాసుడికి పదివేల తలాంతుల బాకీ వదిలేస్తే, వాడు తోటి దాసుడి వంద దేనారాల బాకీ వదలని కథ అది. అందరూ ఆ పదివేల తలాంతుల దగ్గరికి పరుగెత్తుతారు. ఆ ఉపమానం మొదలు ఎలా ఉందో చూడు. రాజు తన దాసుల దగ్గర లెక్క చూసుకోవాలనుకున్నాడు. ముందు లెక్క. ఎంత బాకీ ఉందో పైకి చదివాక, వాడు కాళ్ల మీద పడ్డాక, అప్పుడు వదిలేశాడు. బాకీ ఎంతో తెలియకుండా దేన్ని వదులుతాం? వంద దేనారాలు చిన్న మొత్తం అని ప్రసంగాల్లో అంటారు. దేనారం ఒక రోజు కూలి. వంద రోజుల కూలి అంటే మన ఇళ్లలో చిన్న మొత్తమా? యేసు ప్రభువుకి కూలివాళ్ల కష్టం తెలుసు. మనకి జరిగిన నష్టం చిన్నదని ఆయన అనలేదు.

నేను నోటు పుస్తకంలో రాశాను. ఎవరిది ఎంత, నాది ఎంత. రాసి, దాన్ని ప్రార్థనలో ముందు పెట్టుకున్నాను. ప్రభువా, ఇది ఆవిడ నాకు బాకీ, ఇంత. నా చేత్తో ఆవిడకి కీడు చేయను, ఆవిడకి కీడు రావాలని కోరను. ఆ మాట వరకే నాకు చేతనైంది. దాని మీద ప్రేమ, జాలి అప్పుడు రాలేదు. పళ్లు బిగించే అనేదాన్ని. మార్కు 11:25లో, మీరు నిలబడి ప్రార్థన చేసేటప్పుడు ఎవరి మీదైనా విరోధముంటే క్షమించండి అని ఉంది. నష్టపోయినవాళ్లకి చెప్పిన మాట అది. నిలబడ్డ చోటే, దేవుడి ముందే చేసే పని. దానికి అవతలి మనిషి అక్కడ ఉండక్కర్లేదు.

మరి లేచి వెళ్లి సమాధానపడమని చెప్పింది ఎవరికి? మత్తయి 5:23 తీసి చదువు. నీ మీద నీ సహోదరుడికి విరోధముందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్లు అని. ఎవరి మీద ఎవరికి విరోధం ఉంది? మీ అక్క మీద నీకు. అంటే బలిపీఠం దగ్గర నుంచి లేవాల్సింది మీ అక్క, తల్లీ. నిన్ను లేపారు. ఇది మీ పెద్దలకి మెల్లగా, గౌరవంగా చెప్పు. మొదటి కొరింథీ 11లో కూడా, తన్ను తాను పరీక్షించుకుని తినాలి అని ఉంది. పరీక్షించుకుని మానేయాలి అని లేదు. పగ తీర్చుకోవాలని నీకు లేకపోతే రొట్టె నీది.

ఇంకొక్కటి చెప్తాను, నాకు ఎక్కువ బలం ఇచ్చింది ఇదే. రెండో తిమోతి నాలుగో అధ్యాయం. పౌలు జైల్లో ఉన్నాడు, చావు దగ్గరపడిందని ఆయనకి తెలుసు. చలికాలం రాకముందే రమ్మని, త్రోయలో వదిలిన అంగీ తెమ్మని రాస్తున్నాడు. ఆ ఒక్క అధ్యాయంలో ఆయన్ని విడిచిపోయినవాళ్లూ కీడు చేసినవాళ్లూ ఎంతమంది ఉన్నారో చూడు. మార్కు ఉన్నాడు. ఒకప్పుడు పంఫూలియలో పని మధ్యలో వదిలి వెళ్లిపోయాడని ఇతన్నే వెంట తీసుకెళ్లనని పౌలు బర్నబాతో గొడవపడి విడిపోయాడు. ఇప్పుడు అతన్నే వెంటబెట్టుకుని రా, నాకు పనికొస్తాడు అంటున్నాడు. విచారణ రోజున పక్కన నిలబడకుండా పోయినవాళ్లున్నారు. వాళ్ల పేర్లు కూడా రాయలేదు, అది వాళ్ల మీద నేరంగా ఎంచబడకూడదు అన్నాడు. అలెక్సంద్రు అనే కంచరివాడు ఉన్నాడు. నాకు చాలా కీడు చేశాడు, ప్రభువే అతనికి ప్రతిఫలం ఇస్తాడు, నువ్వు కూడా అతని విషయంలో జాగ్రత్త అని తిమోతికి రాశాడు. ముగ్గురికీ ఒకే గుండె నుంచి మూడు రకాల మాటలు. పౌలులో చేదైన వేరు ఉందని ఎవరైనా అంటారా? అలెక్సంద్రుకి కీడు చేయలేదు, తన చేతిలోకి తీసుకోలేదు. అలాగని అతన్ని నమ్మమని కూడా ఎవరికీ చెప్పలేదు.

నా స్నేహితురాలు కొన్నేళ్లకి తిరిగొచ్చింది. చర్చిలో సాక్ష్యం చెప్పలేదు. మా ఇళ్లకి ఒక్కొక్క ఇంటికీ నడిచి వచ్చి, నీ డబ్బు నేను తిన్నాను అని ఆ మాటే అంది. లేసు అల్లి కొంచెం కొంచెంగా తీర్చడం మొదలుపెట్టింది. అంతా తీరలేదు. మిగిలింది నేను నోటు పుస్తకంలో కొట్టేశాను. ఇద్దరు ముగ్గురు అలాగే కొట్టేశారు. ఒకామె మాత్రం ఆవిడతో మళ్లీ మాట్లాడలేదు, చనిపోయేదాకా. ఆ మాట్లాడని మనిషిని మా పెద్దలు బల్ల నుంచి వెలివేయలేదు. అందుకు ఇప్పటికీ దేవుడికి స్తోత్రం చెప్తాను. ఆ మాట్లాడని ఆవిడ పిల్లకి ఆ డబ్బుతో మందులు కొనాల్సిన రోజులు అవి. మాకు తెలుసు.

స్నేహితురాలు ఇప్పుడు మా ఇంట్లో భోంచేస్తుంది, ఒకే పాటల పుస్తకంలో చూసి పాడతాం. గ్రూపు పాస్‌బుక్ మాత్రం ఆవిడ చేతికి ఇవ్వలేదు. ఆవిడా అడగలేదు. అడగకపోవడంలోనే ఆవిడ మారిందని నాకు తెలిసింది.

మీ అక్క నీ బిడ్డని పెంచింది. అది కూడా పుస్తకంలో రాసుకో, ఇంకో వైపు పేజీలో. కానీ ఆ పేజీతో ఈ పేజీ చెల్లిపోయిందని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. రెండూ నిజమే.

పాలకొల్లు సేవకుడు

అమ్మమ్మగారూ, మీరు చెప్పిన అధ్యాయం మళ్లీ తీసి చదివాను. మార్కు గురించి ఒక మాట చేర్చాలనిపించింది. పౌలు వద్దన్నాక మార్కుని బర్నబా తనతో కుప్ర ద్వీపానికి తీసుకెళ్లాడు, అపొస్తలుల కార్యములు 15:39. మార్కు మారిన ఆ కాలమంతా పౌలు పక్కన లేడు. గాయపడినవాళ్లే దగ్గరుండి మార్చాలని లేదు. సిస్టర్, మీ అక్కగారి దగ్గర కూర్చుని, "ఇల్లు, తనఖా, సంతకం, ఈ మూడు మాటలూ నీ నోటితో చెప్పు" అని ప్రేమగా అడగగల మనిషి మీ సంఘంలో ఎవరైనా ఉన్నారా? పెద్దల భార్యల్లో ఎవరైనా? ఆ పని మీది కాదు. వేరొకరిది. మీకు అభ్యంతరం లేకపోతే మీ పెద్దలతో నేను మాట్లాడటానికి వస్తాను. చించినాడ వంతెన దాటితే మీ వైపే కదా.

రాజోలు సోదరి

అమ్మమ్మగారూ, మీరు రాసింది నా కూతురికి చదివి వినిపించాను. రెండు పేజీలు అన్నచోట అది లేచి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి, "అమ్మా, నువ్వు పెద్దమ్మ మీద కేసు వేస్తే నేను నీతో మాట్లాడనని అనుకుంటున్నావా" అని అడిగింది. నిజమే, నేను అదే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. పెద్దల కంటే నాకు ఆ భయమే ఎక్కువ. దానికి ఆ సంతకం సంగతి నేను చెప్పనే లేదు, కానీ దానికి తెలుసట. పెద్దమ్మే ఏడుస్తూ చెప్పిందట, నాకు చెప్పొద్దని.

ఇది విన్నాక నాకు కోపం ఇంకా పెరిగింది, దాచనక్కర్లేదు. అదే సమయంలో అక్క ఎవరో ఒకరి దగ్గర నిజం కక్కిందని ఒక మూల నెమ్మదిగా కూడా ఉంది. రెండూ కలిసి ఉన్నాయి. అమ్మమ్మగారు చెప్పినట్టు ఆ ఒక్క మాట అనడానికి ప్రయత్నిస్తున్నాను, అక్కకి కీడు రాకూడదని. బావగారి పేరు మీద ఆ మాట ఇంకా రావడం లేదండి. అక్క వరకే.

రాజీ కాగితం మీద సంతకం పెట్టనని పెద్దలకి చెప్తాను. సంఘమే విచారణ చేయమని అడుగుతాను, ఇద్దరినీ కూర్చోబెట్టి. మత్తయి 5:23 కూడా చూపిస్తాను. ఒప్పుకోకపోతే కొంతకాలం పక్క ఊరి సంఘానికి వెళ్లడానికి సిఫారసు ఉత్తరం ఇమ్మంటాను. రొట్టె లేకుండా ఉండలేను. అయ్యగారూ, మీరు వస్తానన్నందుకు చాలా వందనాలు. పెద్దాయనకి ముందు ఒక మాట చెప్పి మీకు కబురు చేస్తాను. అక్క దగ్గర కూర్చోవడానికి ఒకావిడ ఉంది, మా అమ్మ స్నేహితురాలు. ఆవిడ ముందు అబద్ధం ఆడటం అక్కకి చేతకాదు.

దస్తావేజు బాబుగారూ, నా స్లిప్పులు చాలావరకు ఉన్నాయి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి తెచ్చుకున్నాను. కొన్నిటి మీద ఇంకు చెరిగిపోయింది. అవి పనికొస్తాయా?

విశ్రాంత దస్తావేజు లేఖరి, అమలాపురం

ఆ స్లిప్పుల కాగితం మీద అచ్చు ఎండకీ వేడికీ ఎగిరిపోతుందమ్మా, మిగిలినవి ఇవాళే జిరాక్సు తీయించి, ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి పెట్టు. చెరిగిపోయినవాటికి ఆ ఎక్స్ఛేంజ్ వాళ్లని నీ కువైట్ సివిల్ ఐడీ కార్డు నంబరుతో పాత లావాదేవీల వివరం అడుగు. అక్కడ ఉన్న స్నేహితురాళ్ల చేత అడిగించినా సరే. ఐమోలో వచ్చిన ఇంటి ఫొటోలూ మాటలూ చెరపకు. ఫోన్ మార్చేలోపు వాటిని వేరే చోట దాచు. విచారణకి పెద్దలు ఒప్పుకుంటే, అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకుండా జిరాక్సులే బల్ల మీద పెట్టు. మీ అక్క చేతికి కూడా జిరాక్సే.